అన్నిటికీ ఒకటే ‘కట్’

తిరుపతి,
ఆదివారం.

ఒరే మామా,

బాగున్నావా? మీ అమ్మకు మోకాళ్ల నొప్పులు తగ్గాయా? ఇదంతా ఫోన్‌లో అడగొచ్చుగా అంటావు. ఫోన్‌లో నువ్వు రెండు నిమిషాలకే ‘సరే మామా, మళ్లీ చేస్తా’ అంటావు. ఇప్పుడు చెప్పబోయేది అంతలో తేలేది కాదు. అందుకే కాగితం తీశా.

మా చెల్లెలి కూతురు సెలవులకు వచ్చింది. ఇంటర్ చదువుతోంది, చురుకైన పిల్ల. వంటింట్లో మా అమ్మకు సాయం చేస్తూ వంకాయలు కట్ చేసింది, గోంగూర కట్ చేసింది, పచ్చిమిరపకాయలు, చిక్కుడుకాయలు అన్నీ కట్ చేసింది. అమ్మేమో పక్కన కూర్చుని ‘వంకాయ తరుగు, గోంగూర వలువు, మిరపకాయ నిలువునా చీల్చు, చిక్కుడుకాయ ఈనె తీసి తుంచు’ అంటూనే ఉంది. అమ్మ మాటల్లో పని మొత్తం ఉందిరా. దేనికి కత్తి కావాలో, దేనికి వేళ్లు చాలో విడిగా చెప్పక్కర్లేదు. ‘కట్ చెయ్యి’ అంటే మాత్రం ‘ఎట్లా?’ అని అడగాల్సిందే. చెట్టు నరకడం, గడ్డి కోయడం, జుట్టు కత్తిరించడం, చివరికి ఫోన్ పెట్టేయడం కూడా ఇప్పుడు కట్టే.

ఇంగ్లీషు మాటలు వచ్చి పడ్డాయని కాదు నా బాధ. వకీలు, తారీఖు, ఖర్చు, జమ వచ్చినప్పుడు తెలుగేమీ చెడిపోలేదు. బస్సు, టికెట్టు వచ్చినప్పుడూ చెడిపోలేదు. వస్తువు వస్తే దాని పేరూ వస్తుంది, రానీ. కానీ క్రియల దగ్గర జరుగుతున్నది వేరే. ఏ ఇంగ్లీషు మాటకైనా వెనక ‘చెయ్యి’ తగిలిస్తే వాక్యం అయిపోతోంది. దాంతో మన క్రియలు ఒక్కొక్కటే నోటికి రాకుండా పోతున్నాయి.

టెన్షన్ సంగతే చూడు. పరీక్షంటే టెన్షన్, కొత్తవాళ్లతో మాట్లాడాలంటే టెన్షన్, కూతురు రాత్రి బస్సులో వస్తుంటే టెన్షన్, వాన ముఖం చాటేసినా టెన్షన్. నేనూ ఆ మాట వాడతాను, నోటికి సులువు. కానీ బెరుకు వేరు, జంకు వేరు, ఆదుర్దా వేరు, గుబులు వేరు, బెంగ వేరు కదరా. హాస్టల్లో ఉన్న బిడ్డ ఫోన్ చేసి ‘టెన్షన్‌గా ఉంది నాన్నా’ అంటే మనం ఏమని అర్థం చేసుకోవాలి? ఇంటి మీద బెంగా, లెక్కల సారంటే భయమా, మార్కుల గుబులా? బెంగైతే ఆ పూటే బస్సెక్కి వెళ్లి చూసి రావాలి. గుబులైతే నాలుగు మాటలు చెప్తే చాలు. తనకేమైందో ఆ బిడ్డకే సరిగ్గా చెప్పుకోవడం రాకపోతే మనం ఏం చేయగలం? నాకు నిజంగా భయం వేసేది ఇక్కడే.

పని ఉన్నచోట మాట నిలబడుతుందనేదీ నిజమే. దామలచెరువు మామిడి మండీకి ఎండాకాలంలో పోయి చూడు. పిందె, పచ్చికాయ, దోరకాయ, పండు అన్నీ వినిపిస్తాయి. చెట్టున పండిందా, మాగేసిందా అన్న దాన్నిబట్టి రేటు మారుతుంది కాబట్టి అక్కడ ఎవరూ కలిపి మాట్లాడరు. ఎద్దులతో బావి నీళ్లు తోడే కపిల తోలడం పోయింది, దాని మాటలూ పోయాయి. దానికి నేను ఏడవను. కానీ వంకాయలు పోలేదే! బెంగ పోలేదే!

మనకు ఈ మాటలు ఎవరు నేర్పారు మామా? సగం ముసలివాళ్లు, సగం అచ్చు కాగితం. పిల్లలు ఆరో తరగతికే హాస్టల్‌కు పోతుంటే అవ్వాతాతల మాటలు చెవిన పడేదెప్పుడు? ఇక కాగితం సంగతంటావా, 1947లో మొదలైన చందమామ రావడం లేదు. 1978లో పుట్టిన విపుల, చతుర మాసపత్రికలు ఆగిపోయాయి. ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు మనమంతా కడుతూనే ఉన్నాం. లైబ్రరీకి పోతే కుర్చీలు ఖాళీ ఉండవు, అది సంతోషమే. కాకపోతే కూర్చున్నవాళ్లంతా గ్రూప్స్‌కో, పోలీసు ఉద్యోగానికో చదువుకునేవాళ్లు. వాళ్ల అవసరం వాళ్లది, తప్పు పట్టను. కథల బీరువా దగ్గర మాత్రం ఒక్కరూ కనపడరు.

ఫోన్‌లో చదువుతున్నారు కదా అంటాడు మా తమ్ముడు. చదువుతున్నారు, నాలుగు లైన్లు. తెలియని మాట తగిలితే వేలితో పక్కకు తోసేస్తారు. కథలో అట్లా కుదరదు. ‘ఉక్రోషం’ అంటే ఏమిటో తెలియకపోయినా తర్వాత ఏమైందో తెలుసుకోవాలి కాబట్టి ముందుకు పోతాం. నాలుగు పేజీలు తిరిగేసరికి ఆ పాత్ర చేసే పనులే మనకు అర్థం చెప్పేస్తాయి. నిఘంటువు ముట్టకుండానే మాట మనదైపోతుంది. క్లాసులో అర్థాలు బట్టీ పట్టించినా ఈ పని జరగదు, నేను చూస్తున్నాగా.

అన్నమయ్య పుణ్యాన మన తిరుపతిలో పాడే పిల్లలకు కొదవ లేదు. ఆయన జోలలూ రాశాడు, వడ్లు దంచే సువ్వి పాటలూ రాశాడు. పోటీల్లో చక్కగా పాడతారు. పాట అయ్యాక ‘దంచడమంటే ఏందమ్మా?’ అని ఎవరైనా అడిగి, ఒక రోలు చూపించి, రోకలి చేతికిచ్చి, చెరగడానికి చేట కూడా ఇస్తే ఎంత బాగుంటుంది!

నేను చేస్తున్నది చిన్న పనే. రాత్రి అన్నాలయ్యాక పిల్లల చేత ఒక కథ పైకి చదివిస్తున్నా. మొదట గొణిగారు. ఇప్పుడు మాట తెలియకపోతే అమ్మ దగ్గరికి పోయి అడుగుతున్నారు. ఆమెకు ఎంత హుషారొచ్చిందో చెప్పలేను. అడిగినదానికి ఒకటి చెప్పి, అడగనివి నాలుగు చెప్తోంది.

నీతో అసలు పని ఇప్పుడు చెప్తా. మీ నాన్న వారపత్రికల్లోంచి సీరియల్ పేజీలు చింపి, వరుసగా పెట్టి, బైండింగు చేయించి దాచేవాడు కదా. అటక మీదే ఉన్నాయా, పాత పేపర్లకు వేసేశారా? ఉంటే బెంగుళూరు నుంచి వచ్చేటప్పుడు రెండు మూడు తీసుకురా. చెదలు తిన్నవైనా సరే. పిల్లలు చదివాక జాగ్రత్తగా తిరిగి ఇస్తాను, అమ్మకు నా మాటగా చెప్పు.

జవాబు మాత్రం ఫోన్‌లో చెప్పొద్దు, రాయి.

నీ
మామ