డబ్బా అదే, లోపలి సరుకు మారింది: మా పాత కస్టమర్లకు ఒక మాట

పోయిన సీజన్‌లో మా దగ్గర పెద్ద బోట్లకు పాలిష్, వ్యాక్స్ చేయించుకున్నవాళ్లలో కొందరికి ఈపాటికే అనుమానం వచ్చి ఉంటుంది. కొందరు ఫోన్ చేసి అడిగారు కూడా. మా చేతిలోంచి తళతళలాడుతూ వెళ్లిన బోటు కొన్ని వారాలకే పాలిపోయింది, ఎండ ఎక్కువ పడే పక్కన చెయ్యి పెట్టి రుద్దితే తెల్లటి పొడి అంటుకుంటోంది. నిజమే. ఎందుకలా అయిందో, ఇప్పుడేం చేయబోతున్నామో ఆ నోటా ఈ నోటా విని తెలుసుకునే పని మీకు ఉండకూడదని నేనే రాస్తున్నాను.

తెలియనివాళ్ల కోసం ముందు ఒక ముక్క. ఫైబర్ బోటు మీద కనిపించే రంగు చాలావరకు పెయింట్ కాదు, జెల్‌కోట్. అంటే రంగు కలిపిన రెజిన్ పొర. కొత్తలో అర మిల్లీమీటరు అటూ ఇటూగా ఉంటుంది. ఎండకు దాని పైభాగం చచ్చి పొడిబారుతుంది. ఆ చచ్చిన పొరను కాంపౌండ్‌తో, అంటే రాపిడి గింజలు కలిపిన పేస్ట్‌తో కోసెయ్యాలి, కాంపౌండ్ మిగిల్చిన గీతల్ని సన్నటి పాలిష్‌తో పోగొట్టాలి, ఆపైన వ్యాక్సో సీలెంటో పట్టించాలి. చాలామంది మెరుపు వ్యాక్స్‌తో వస్తుందనుకుంటారు. వ్యాక్స్ చేసేది కాపలా మాత్రమే, అసలు మెరుపు కాంపౌండ్ దగ్గరే తేలిపోతుంది. అక్కడ తేడా వస్తే పైన ఎంత మంచి వ్యాక్స్ పెట్టినా దండగ.

తేడా వచ్చింది సరిగ్గా అక్కడే.

మేము ఏళ్ల తరబడి ఒకే సప్లయర్ దగ్గర ఒకే కాంపౌండ్ తీసుకుంటున్నాం. పోయిన సీజన్ మొదట్లో వచ్చిన స్టాక్ డబ్బా అదే, లేబుల్ అదే, రంగు కూడా అదే. కానీ మిషన్ పట్టే కుర్రాడు మొదటి రోజే అన్నాడు, "సార్, ఇది ఎండట్లేదు, ప్యాడ్ కింద జారుతోంది" అని. మంచి కాంపౌండ్‌లో రాపిడి గింజలు మిషన్ తిరిగేకొద్దీ నలిగి సన్నబడతాయి, పేస్ట్ పలచబడి ఆరుతుంది, ప్యాడ్ శబ్దం మారుతుంది, చేతికి ఆ పట్టు తెలుస్తుంది. ఇందులో ఆ పట్టు లేదు. ఆ రోజే సప్లయర్‌కి ఫోన్ చేశాను. "కొంచెం ఇంప్రూవ్ చేశారండీ, ఇంకా ఈజీగా పని నడుస్తుంది" అన్నాడాయన. పని ఈజీగానే నడిచింది, ఆ మాట కాదనను. మెరుపు కూడా ఎప్పుడూ లేనంత వచ్చింది.

తర్వాత ఫోన్లు మొదలయ్యాక, తుక్కు కింద వచ్చిన ఒక పాత హ్యాచ్ మూత (బోటు పైనుంచి లోపలికి దిగే దారికి వేసేది) తీసుకుని మధ్యలో మాస్కింగ్ టేప్ వేశాం. ఒక సగానికి పాత డబ్బా అడుగున మిగిలిన కాంపౌండ్, ఇంకో సగానికి కొత్తది. అదే మిషన్, అదే స్పీడు, రెండింటికీ కొత్త ఉన్ని ప్యాడ్, అదే మనిషి. తుడిచి చూస్తే రెండూ మెరిశాయి, నిజం చెప్పాలంటే కొత్తదే ఒక పాలు ఎక్కువ మెరిసింది. అప్పుడు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ గుడ్డ మీద పోసి రెండు పక్కలా గట్టిగా తుడిచాం. పాత కాంపౌండ్ పెట్టిన సగం అలాగే ఉంది. కొత్తది పెట్టిన సగం కళ్ల ముందే మసకబారింది, కింద దాక్కున్న సన్నటి గీతలన్నీ బయటపడ్డాయి. పైన పటారం, లోన లొటారం అంటే అదే. కోయాల్సిన పొరను కోయకుండా, గీతల్లో నూనె, ఫిల్లర్ కూరి మెరిపించింది. రెండు వానలు పడి, ఎండ కాసి, నాలుగుసార్లు కడిగేసరికి ఆ నూనె పోయింది, చచ్చిన పొర చచ్చినట్టే తేలింది.

సప్లయర్‌ని పిలిపించి ఆ మూత చూపించాను. ఆయన చూసి ఏమన్నాడో తెలుసా? మీ కుర్రాళ్లు ఎండలో చేసి ఉంటారు, స్పీడు ఎక్కువ పెట్టి ఉంటారు అని. ఈ మాట దగ్గర నాకు తల కొట్టేసినట్టయింది. మా పని చూసినవాళ్లకి తెలుసు, మేము బోటు చుట్టూ నీడ వెంట తిరుగుతాం. పొద్దున పడమటి పక్క, మధ్యాహ్నం దాటాక తూర్పు పక్క. అరచెయ్యి ఆనించి ఉంచలేనంత వేడిగా ఉంటే అసలు ముట్టుకోం. ఇన్నేళ్లుగా మా దగ్గర సరుకు అమ్ముకుంటున్న మనిషికి ఆ సంగతి తెలియదా? చివరికి తయారీలో ఏదో మార్చారట అని ఒప్పుకున్నాడు. ఎప్పుడు, ఎందుకు, డబ్బా మీద ఒక్క అక్షరం కూడా ఎందుకు మార్చలేదు అంటే జవాబు లేదు. పైగా తర్వాతి లోడు తగ్గించి ఇస్తానన్నాడు. అదే సరుకు! మిగిలిన డబ్బాలన్నీ ఆటోలో ఎక్కించి వెనక్కి పంపేశాను. ఆయన మళ్లీ పాత సరుకే తెప్పించి ఇచ్చినా నేను కొనను. మా ఇంట్లోవాళ్లు ఇది మొండితనం అంటున్నారు, అననివ్వండి.

ఇక మీ బోట్ల సంగతి. చెడిన పనిని పైసా తీసుకోకుండా మళ్లీ చేస్తాం, అందులో రెండో మాట లేదు. నాకు నిద్ర పట్టనివ్వనిది వేరే ప్రశ్న. మళ్లీ చెయ్యడమంటే ఎంతవరకు చెయ్యాలి? కాంపౌండ్ పెట్టిన ప్రతిసారీ జెల్‌కోట్ కొంత పోతుంది, పోయింది తిరిగి రాదు. పైన చెప్పానుగా, మొదటి రోజు ఉండేదే అర మిల్లీమీటరు. కొత్త కాంపౌండ్ సరిగా కోయలేదు కాబట్టి ఇప్పుడు కోస్తే పెద్ద నష్టం లేదని మా వాళ్లలోనే ఒక వాదన. కొంత నిజమే. కానీ అది ఎంత కోసిందో ఎవరు కొలిచారు? కార్ల పెయింట్ మందం చూసే మీటరు ఇక్కడ పనికిరాదు, దానికి కింద లోహం ఉండాలి, మన బోటు కింద ఫైబర్ ఉంది. అల్ట్రాసోనిక్ మీటర్లు ఉన్నాయి కానీ, అవి ఇప్పుడు ఎంత మిగిలిందో చెబుతాయి తప్ప మనం మొదలుపెట్టినప్పుడు ఎంత ఉండేదో చెప్పవు. మూలల్లో, అంచుల్లో పొర పలచబడి కింది ఫైబర్ ఛాయ మచ్చల్లా కనిపించడం మొదలైతే అప్పటికే ఆలస్యం, ఇక రీ-కోటింగో పెయింటింగో తప్పదు. మా పేరు నిలబెట్టుకోవడానికి మీ బోటు వయసు తగ్గించాలా అన్నదే నన్ను తిప్పలు పెట్టింది. మొత్తం కోసేస్తే అందరూ చప్పట్లు కొడతారు, ఫొటోలు బాగుంటాయి, మూడేళ్ల తర్వాత ఏమవుతుందో ఎవరూ అడగరు.

చాలా రోజులు ఆలోచించాక చేసిన నిర్ణయం ఇది. తెల్ల రంగు, లేత రంగు బోట్లు, ముందెప్పుడూ ఎక్కువగా కోయించనివి అయితే మొత్తం పని మొదటి నుంచి చేస్తాం. ముదురు నీలం, నలుపు, ఎరుపు బోట్లకీ, వయసైన బోట్లకీ అలా చెయ్యం. వాటికి ముందు ఒక చిన్న గడి టేప్‌తో కట్టుకుని, ఫోమ్ ప్యాడ్‌తో సన్నటి పాలిష్ మాత్రమే పెట్టి, ఆల్కహాల్‌తో తుడిచి చూస్తాం. దాంతో పొడి పోతే అక్కడితో ఆపి సీలెంట్ వేస్తాం. పోకపోతే, పోని చోట మాత్రమే కాంపౌండ్. ఫలితంగా కొన్ని ముదురు రంగు బోట్లు దగ్గర నుంచి చూస్తే మునుపటి తళుకు రాకపోవచ్చు, ఏటవాలు వెలుతురులో సన్నటి గీతలు కనిపించవచ్చు. ఒక పాత కస్టమర్‌కి ఈ మాట చెబితే "నా బోటు, నా ఇష్టం, మొత్తం కోసెయ్యి" అన్నారు. కుదరదన్నాను. ఆయనకి కోపం వచ్చింది. రేపు ఎవరైనా కోసి చూపించవచ్చు, ఆ పని నా చేతులతో మాత్రం జరగదు.

రెండు భాగాల పాలీయురెథేన్ పెయింట్ వేయించిన బోట్లవాళ్లు కంగారుపడకండి. వాటి మీద మేము రాపిడి కాంపౌండ్ వాడం, ఆ పొర జెల్‌కోట్ కంటే చాలా పలచన. ఈ గొడవ మీది కాదు.

ఒకే దెబ్బలో శుభ్రం, మెరుపు, కాపలా అన్నీ అయ్యే క్లీనర్-వ్యాక్స్ ఉందిగా, అది పెట్టెయ్యొచ్చుగా అని కొందరు అడుగుతున్నారు. పొడిబారని బోటుకి, మధ్యలో ఒకసారి పట్టించడానికి అది బాగానే ఉంటుంది. పొడిబారిన పెద్ద బోటుకి పెడితే నేను ఇప్పటిదాకా తిట్టిన పనే జరుగుతుంది. పని తొందరగా అవ్వాలంటే దారి వేరే ఉంది. ఒకరు మిషన్ పడితే ఇంకొకరు వెనకే తుడుస్తూ రావాలి, కాంపౌండ్ రెండడుగుల గడి దాటకూడదు, పైన క్యాబిన్ పూర్తి చేశాకే కిందికి దిగాలి. నిచ్చెన జరపడానికి పోయే టైమే ఎక్కువ, అందుకని ఇప్పుడు చక్రాల మంచె తెచ్చుకున్నాం. అయినా మునుపటి కంటే మీ బోటు మా దగ్గర ఎక్కువ రోజులే ఉంటుంది.

ఇకపై వాడబోయే కాంపౌండ్ వేరే చోట దొరికింది. ఫిల్లర్ లేదని వాళ్లు చెప్పారు, పాత సప్లయర్ కూడా సరుకు బాగుందనే చెప్పాడు కాబట్టి నేను మాట నమ్మడం మానేశాను. ఇకపై వచ్చిన ప్రతి బ్యాచ్‌లోంచి ఒక డబ్బా తెరిచి ఆ హ్యాచ్ మూత మీదే టేప్ వేసి, ఆల్కహాల్‌తో తుడిచి, కొన్నాళ్లు ఎండలో పెట్టాకే మీ బోటు మీదకు వస్తుంది. కావాలంటే వచ్చి చూడండి, షెడ్డు బయటే ఆనించి ఉంటుంది.

కాపలా పొరగా పక్కలకు ఇకపై పాలిమర్ సీలెంట్ వాడతాం. కార్నూబా వ్యాక్స్ మీద నాకు ద్వేషం లేదు, ఎండకి కరిగిపోతుందని చెప్పేవాళ్ల మాట నమ్మకండి, అది 80 డిగ్రీలు దాటితే గానీ కరగదు. కాకపోతే కడుగుళ్లకి తొందరగా పోతుంది. సిరామిక్ కోటింగ్ అడిగేవాళ్లకి జవాబు: కింద జెల్‌కోట్ శుభ్రంగా ఉంటే అది ఎక్కువ కాలం నిలుస్తుంది, నిజమే. కానీ గట్టిపడేలోపు మంచు పడితే మచ్చలు పడతాయి, ఆ మచ్చలు తియ్యాలంటే మళ్లీ రాపిడే. మా షెడ్డులో పట్టనంత పెద్ద బోటుని ఆరుబయట పెట్టి ఆ టెన్షన్ నేను పడలేను. పడగలిగినవాళ్ల దగ్గర చేయించుకుంటానంటే నేనేమీ అనుకోను.

మీ బోటుకి ఏమైందో తెలుసుకోవాలంటే నల్లటి గుడ్డ తడపకుండా రుద్ది చూడండి, పొడి అంటితే మాకు ఫోన్ చెయ్యండి. నీళ్లు బొట్లుగా నిలుస్తున్నాయి కదా అని ధీమాగా ఉండకండి, ఏ మాత్రం జిడ్డు మిగిలినా బొట్లు నిలుస్తాయి. గిన్నెలు తోమే సోపుతో కడగకండి, ఉన్న వ్యాక్స్ పోతుంది. ఉప్పు ఆరిపోయిన బోటుని పొడి గుడ్డతో తుడవకండి, ముందు మంచినీళ్లు పొయ్యండి.

ఎండ పక్క బాగా పాడైన బోట్లు ముందు తీసుకుంటాం, మిగతావి ఫోన్ చేసిన వరుసలో. బుక్ చేసేటప్పుడు ఒక్క సంగతి మాత్రం తప్పకుండా చెప్పండి: మా కంటే ముందు ఎవరెవరు, ఎన్నిసార్లు కాంపౌండ్ పెట్టారో, ఎక్కడైనా నీటి కాగితం (తడిపి రుద్దే గరుకు కాగితం) వేసి రుద్దారో. సెకండ్ హ్యాండ్‌లో కొన్నవాళ్లు అమ్మినవాళ్లని అడిగి కనుక్కోండి. అది తెలియకపోతే మీ బోటుని కూడా పాత బోటు లెక్కలోనే వేసుకుని, సన్నటి పాలిష్‌తోనే మొదలుపెడతాం.