తూము రాళ్ళను తీసే ముందు కొలిచి పెట్టండి

సంపాదకులు గారికి నమస్కారం.

నల్లగొండ జిల్లాలో ఒక పాత చెరువు కింద ఉన్న పల్లె మాది. కొన్నేళ్ళ కిందట కట్ట మరమ్మతు చేస్తూ, చెరువు లోపలి వైపున్న, పొలాలకు నీరు వదిలే రాతి తూమును పొక్లెయిన్‌తో పెకలించి, ఆ చోట కాంక్రీటు గోడ కట్టి ఇనుప షట్టరు బిగించారు. పాత తూము కారుతున్న మాట నిజమే, షట్టరు అవసరమైన మాటా నిజమే. నా బాధ దాని గురించి కాదు. తీసిన రాళ్ళను కొలిచినవారు లేరు, ఫొటో తీసినవారు లేరు, అక్షరాలేమైనా ఉన్నాయేమోనని కడిగి చూసినవారు కూడా లేరు. రెండు నిలువు కంబాల్లో ఒకటి ముక్కలై కట్ట రాతిలో కలిసిపోయింది. రెండోది కట్టమైసమ్మ గుడి వెనుక పడి ఉంది. దానిమీద బట్టలు ఉతుకుతున్నారు.

ఆ కంబాలు అలంకారానికి నిలిపినవి కావు. వాటి మధ్య అడ్డంగా పరచిన బండలకు నడుమ రంధ్రాలుండేవి. పొడవైన కర్ర ఆ రంధ్రాల గుండా కిందికి దిగి, అడుగు బండలోని తూము కంతను బిరడాలా మూసేది. కర్రను ఎంత పైకెత్తితే అంత నీరు కట్ట కింది రాతి కాలువ గుండా పొలాలకు పోయేది. చెరువు నీటిని పొలాలకు పంచే నీరటి ఈదుకుంటూ వెళ్ళి అడ్డబండపై నిలబడి, కర్రను జానల లెక్కన ఎత్తడం చిన్నప్పుడు కట్టమీద కూర్చుని ఎన్నోసార్లు చూశాను. ఏ మడికి ఎప్పుడు నీరు చాలుతుందో అతనికి నోటి లెక్క. కోతలయ్యాక కల్లంలోనే అతని మేర, అంటే అతని వంతు ధాన్యం, అతనికి కొలిచేవారు.

ఈ విద్య మన నేలలో నిన్న మొన్న పుట్టింది కాదు. కందూరు చోడులు పానగల్లులో తవ్వించిన ఉదయసముద్రం ఈనాటికీ నీళ్ళతో నిండుతోంది. పిల్లలమర్రిలో రేచర్ల రెడ్లు కట్టించిన గుళ్ళ పక్కనే చెరువూ ఉంది. చెరువుల కింది భూములను గుళ్ళకు దానమిచ్చిన శాసనాలు తెలంగాణలో అనేకం. కడప జిల్లా పోరుమామిళ్ళలోని క్రీ.శ. 1369 నాటి శాసనమైతే మంచి చెరువుకు ఉండవలసిన 12 అంగాలను, రాకూడని 6 దోషాలను వివరంగా చెబుతుంది.

ఒకప్పుడు మనతో పాటు హైదరాబాదు రాజ్యంలోనే ఉన్న ఔరంగాబాదులో, కొండల నుండి మట్టి గొట్టాల గుండా తెచ్చిన నీటితో తిరగలి తిప్పిన పన్‌చక్కీని చూడడానికి జనం దూరాల నుండి వస్తారు. నీటి తిరగలికి నిత్యం పారే ధార కావాలి. మనకున్నది వానాకాలపు వాగు నీరు. దాన్ని కట్టకు ఆపి, మత్తడి మీదుగా మిగులు వదిలి, తూము దగ్గర కొలిచి పంపడమే మన పెద్దలు సాధించిన యంత్రవిద్య. పన్‌చక్కీకి దక్కిన గౌరవంలో కొంతైనా మన తూములకు దక్కకపోవడం నన్ను ఎంతో బాధిస్తుంది.

2015 మార్చి 12న మిషన్ కాకతీయ మొదలైనప్పుడు చెరువుల పూడిక తీసినందుకు రైతుగా సంతోషించినవాణ్ణి. అందుకే అడుగుతున్నాను: ఇకపై ఏ చెరువు మరమ్మతు అంచనాలోనైనా, పాత తూమును తొలగించే ముందు దాన్ని కొలిచి, చిత్రించి, రాళ్ళను శుభ్రం చేసి చూడాలన్న పనిని కూడా చేర్చాలి. అక్షరాలు కనబడితే వారసత్వ శాఖకు కబురు పెట్టాలి. తీసిన కంబాలను పగలగొట్టకుండా ఆ కట్టమీదే నిలబెట్టాలి. తూము ఎత్తిన నీరటి కుటుంబాల పెద్దలు ఇంకా కొందరున్నారు. వారు చెప్పేది ఇప్పుడే రాసుకోవాలి.

గుడి వెనుక మిగిలిన కంబం పొడవు, మందం, రంధ్రాల కొలతలు నేను కాగితంమీద రాసి ఉంచాను. సంబంధిత అధికారులు ఎవరు అడిగినా అందజేస్తాను.

భవదీయుడు,
ఒక ఆయకట్టు రైతు,
నల్లగొండ జిల్లా