పెట్టె మీద తయారీ నెల ఉంది, మోడల్ వయసేదీ?

సంపాదకులకు నమస్కారం.

ఇంజినీరింగ్ కౌన్సెలింగ్ ముగియగానే ల్యాప్‌టాప్ దుకాణాలు కిటకిటలాడతాయి. కొనేవాళ్లు పెట్టె మీద తయారైన నెల, సంవత్సరం చూసి ‘కొత్త సరుకే’ అనుకుంటారు. కానీ ఆ తేదీ చెప్పేది యంత్రాన్ని ఎప్పుడు బిగించారన్నదే. ఆ మోడల్ మొదట ఎప్పుడు విడుదలైందో, భద్రతా అప్‌డేట్లు ఎప్పటిదాకా వస్తాయో చెప్పాలన్న నిబంధన లేదు. ఆన్‌లైన్ అమ్మకాల్లోనైతే ఆ నెల, సంవత్సరం చూపించడానికి కూడా మినహాయింపు ఉంది.

యాపిల్ చిన్న డెస్క్‌టాప్ కంప్యూటర్ మ్యాక్ మినీనే చూడండి. 2014 అక్టోబర్‌లో వచ్చిన మోడల్‌ను 2018 అక్టోబర్ దాకా లోపల ఏమీ మార్చకుండా, అమెరికాలో అదే 499 డాలర్ల ప్రారంభ ధరకు అమ్మారు. ర్యామ్ బోర్డుకే అతికించి ఉండేది, పెంచుకునే వీల్లేదు. 2022 అక్టోబర్‌లో వచ్చిన యాపిల్ ఆపరేటింగ్ సిస్టమ్ మ్యాక్‌ఓఎస్ వెంచురా దాన్ని వదిలేసింది. మొదట్లో కొన్నవారికి కొత్త ఓఎస్‌లు ఎనిమిదేళ్లు దక్కితే చివర్లో కొన్నవారికి దక్కింది నాలుగేళ్లే. గూగుల్ క్రోమ్‌ఓఎస్‌తో నడిచే ల్యాప్‌టాప్‌లైన క్రోమ్‌బుక్‌లకు ఆ సంస్థ ఇస్తానంటున్న పదేళ్ల అప్‌డేట్ల లెక్క కూడా మనం కొన్న రోజు నుంచి మొదలు కాదు, ఆ ప్లాట్‌ఫామ్ (మోడల్‌కు ఆధారమైన హార్డ్‌వేర్) విడుదలైన నాటి నుంచి మొదలవుతుంది. అయితే ఆఖరి తేదీని మోడల్ వారీగా బయటపెడుతున్నందుకు మెచ్చుకోవాలి.

విండోస్ ల్యాప్‌టాప్‌ల వయసుకు ప్రాసెసర్ నంబరే ఆధారం. ఇంటెల్ ఐ3-1115జీ4లో ‘11’ అంటే పదకొండో తరం, 2020 నాటిది. ఐ3-1215యూ 2022 నాటిది. దుకాణంలో మాత్రం రెండూ ‘ఐ3’లే. ఏఎండీది ఇంకా తిరకాసు. రైజెన్ 5 7520యూలో మొదటి 7 చూసి కొత్తదనుకుంటాం, అసలు గుట్టు మూడో అంకెలో ఉంది. ఈ 7000 వరుసలో అక్కడ 2 ఉంటే ఏఎండీ ప్రాసెసర్లలో 2019 నాటి జెన్ 2 తరం డిజైన్, 3 అయితే జెన్ 3, 4 అయితే జెన్ 4. పైగా 7520యూకి ఎల్‌పీడీడీఆర్5 రకం ర్యామే పనికొస్తుంది, అది బోర్డుకు అతికించే వస్తుంది. 8 జీబీతో కొంటే చివరిదాకా 8 జీబీయే. ఇక చౌక మోడళ్లలోని 64 జీబీ ఈఎంఎంసీ (చౌకరకం ఫ్లాష్ మెమరీ) స్టోరేజీ వట్టి తలనొప్పి. విండోస్ 11కి కనీస అవసరమే అంత కాబట్టి పెద్ద అప్‌డేట్ వచ్చినప్పుడల్లా చోటు చాలదంటూ మొరాయిస్తుంది.

డబ్బు కట్టే ముందు తయారీ సంస్థ సపోర్ట్ పేజీలో పూర్తి మోడల్ నంబరు కొట్టి బయోస్ (యంత్రాన్ని ఆన్ చేయగానే నడిచే మూల సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ల జాబితా తెరవాలి. ఒకే సిరీస్ పేరు మీద నాలుగైదేళ్ల మోడళ్లు తిరుగుతుంటాయి కనుక చివరి అక్షరాలు కూడా వదలకూడదు. జాబితాలో మొట్టమొదటి బయోస్ తేదీని బట్టి మోడల్ ఎప్పుడు పుట్టిందో దాదాపుగా తెలిసిపోతుంది. చివరి బయోస్ వచ్చి రెండేళ్లు దాటిందంటే ఎంత డిస్కౌంట్ ఇచ్చినా ఒకటికి రెండుసార్లు ఆలోచించాల్సిందే.

పాత మోడల్ అమ్మడం నేరమేమీ కాదు, వయసు చెప్పకుండా అమ్మడంతోనే పేచీ. యూరోపియన్ యూనియన్‌లో 2025 జూన్ 20 నుంచి ఫోన్లు, ట్యాబ్లెట్లకు అమ్మకాలు ఆపిన తేదీ నుంచి కనీసం ఐదేళ్లు అప్‌డేట్లు ఇవ్వాలన్న నిబంధన అమల్లోకి వచ్చింది. లెక్క ఎక్కడ మొదలుపెట్టాలో వాళ్లు సరిగ్గా పట్టుకున్నారు, ల్యాప్‌టాప్‌లను మాత్రం అందులో చేర్చలేదు. మన వినియోగదారుల వ్యవహారాల శాఖ ఆ పని చేయవచ్చు. ఎమ్మార్పీ పక్కనే మోడల్ తొలి విడుదల సంవత్సరం, భద్రతా అప్‌డేట్ల ఆఖరి తేదీ ముద్రించాలని ఆదేశించాలి. ఆన్‌లైన్ మినహాయింపును కంప్యూటర్ల వరకైనా ఎత్తేయాలి.

– కంప్యూటర్ సర్వీసింగ్ రంగంలో ఉన్న ఓ పాఠకుడు, విజయవాడ