డ్రిప్ సబ్సిడీ ఫలితం తేల్చేముందు: వ్యవసాయ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన వ్యవసాయ శాఖ మంత్రి గారికి,

గుంటూరు నుంచి ఒక స్టాటిస్టిక్స్ లెక్చరర్ నమస్కరించి రాస్తున్న విన్నపం.

మిరపకు డ్రిప్ సబ్సిడీ వల్ల రైతుకు ఎంత మిగిలిందో తేల్చాలంటే, అందినవాళ్లనీ అందనివాళ్లనీ పక్కపక్కన పెట్టి తేడా తీస్తే సరిపోదు. ప్రత్తిపాడు వైపు సొంత బోరు, పాస్‌బుక్కు ఉన్న రైతు దరఖాస్తు పెట్టుకోగలడు. పక్క చేలోని కౌలు రైతు చేతిలో చాలాసార్లు కాగితమే ఉండదు. మొదటాయన మిర్చి టిక్కీలు (బస్తాలు) కోల్డ్ స్టోరేజీలో పెట్టి ధర కోసం ఆగుతాడు. రెండో ఆయన కాయ ఎండగానే యార్డుకు తోలాల్సిందే, అప్పిచ్చిన కమీషన్ వ్యాపారి ఆగనివ్వడు. ఈ ఇద్దరి ఆదాయాల తేడాలో డ్రిప్పు వాటా ఎంతని చెప్పగలం?

ఇలాంటి చిక్కుకే రోజెన్‌బామ్, రూబిన్ అనే స్టాటిస్టిక్స్ నిపుణులు 1983లో ప్రొపెన్సిటీ స్కోర్ ప్రతిపాదించారు. భూమి, నీరు, కాగితాలు, పథకానికి ముందటి దిగుబడి చూసి, ఒక రైతుకు పథకం అందే సంభావ్యత కడతారు, అదే స్కోరు. అది దగ్గరదగ్గరగా ఉన్నవాళ్లనే పోలుస్తారు. పద్ధతి మంచిదే, తేడా వచ్చేది వాడకంలో. ఎవరికి అందిందో మోడల్ ఎంత బాగా కనిపెట్టిందని చూసి మురిసిపోతుంటాం. నూటికి నూరు పాళ్లు కనిపెట్టేస్తే ఇక పోల్చడానికి జతే దొరకదు! అడగాల్సింది వేరు: స్కోరు వాడాక రెండు గుంపులూ ఒకే తీరుగా ఉన్నాయా? ప్రతి అంశంలోనూ ప్రామాణిక తేడా (సగటుల తేడాను ప్రామాణిక విచలనంతో భాగిస్తే వచ్చేది) 0.1 లోపు ఉండాలన్నది వాడుకలో ఉన్న కొలబద్ద. ఆ సమతూకాన్నే లక్ష్యంగా పెట్టుకుని స్కోరు కట్టే దారి 2014లో ఇమాయ్, రాట్కోవిచ్ చూపారు. స్టాటిస్టిక్స్ లెక్కలకు వాడే ఆర్ సాఫ్ట్‌వేర్‌లో అది ఉచితంగా దొరుకుతుంది.

వెయిట్ల గొడవ ఇంకొకటి, అంటే ఒక్కో రైతును లెక్కలో ఎంతమందిగా తీసుకోవాలన్నది. సంభావ్యత 0.02 ఉన్న కౌలు రైతుకు ఎలాగో సబ్సిడీ వచ్చిందనుకోండి. మామూలు లెక్కలో 1ని ఆ సంభావ్యతతో భాగిస్తారు, కాబట్టి ఆయన వెయిట్ 50. ఆయన చేలో 2021 నాటిలా నల్ల తామర పురుగు పడితే, యాభై మంది పంట పోయినట్టే లెక్క తిరగబడుతుంది. ఓవర్‌ల్యాప్ వెయిట్లలో అందినవాళ్లకు అందకపోయే సంభావ్యతనే, అందనివాళ్లకు అందే సంభావ్యతనే వెయిట్‌గా వేస్తారు, కాబట్టి ఎవరి వెయిటూ 1 దాటదు. కాకపోతే అప్పుడు వచ్చే జవాబు, పథకం అందడానికీ అందకపోవడానికీ రెండింటికీ అవకాశమున్న రైతులది. అసలు అవకాశమే లేని కౌలుదారుల గురించి అది ఏమీ చెప్పదు. ఆ మాట నివేదిక మొదటి పేజీలోనే ఉండాలి, సమతూకం పట్టికతో పాటు. అనుబంధంలో వేస్తే ఎవరు చూస్తారండీ?

ఎంత మంచి స్కోరైనా, కొలవని దాన్ని సరిచేయలేదు. కమీషన్ వ్యాపారి దగ్గర బాకీ ఎంతో ఈ-పంట నమోదులో కనపడదు. దయచేసి సర్వే ఫారంలో ఆ ప్రశ్న చేర్చండి. అదీ పైపులు వేయకముందే, నారు నాటకముందే అడగాలి. పంట అమ్మాక అడిగితే, ఆ బాకీలో పథకం ప్రభావం కూడా కలిసిపోయి ఉంటుంది.

ఇట్లు,
ఒక స్టాటిస్టిక్స్ లెక్చరర్, గుంటూరు