లోపల మెలకువగా ఉన్న మనిషిని వదిలి బయట నన్ను అడిగారు

ఎడిటర్ గారికి నమస్కారం.

నేను ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యాను. మాది జనగామ. మా ఆవిడకు మెట్లెక్కితే ఆయాసం వస్తోందని ఈమధ్య హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆస్పత్రికి తీసుకెళ్లాను. ఈసీజీ, ఎకో అయ్యాక యాంజియో చేయాలన్నారు. అదీ స్కానింగ్‌లాంటి పరీక్షే అనుకున్నాను. పొద్దున్నే ఒక నర్సమ్మ ఇంగ్లిష్ కాగితం తెచ్చి వేలుతో చోటు చూపించింది, సంతకం పెట్టాను. అందులో 'సీఏజీ, ఎస్‌ఓఎస్ పీటీసీఏ' అని ఉందని తర్వాత తెలిసింది. సీఏజీ అంటే యాంజియోగ్రామ్. సన్నటి గొట్టంతో గుండె రక్తనాళాల్లోకి రంగు మందు పంపి, ఎక్కడ అడ్డు ఉందో ఎక్స్‌రేలో చూడటం. పీటీసీఏ అంటే ఆ అడ్డును బెలూన్‌తో తెరవడం, సాధారణంగా స్టెంటు (నాళం మళ్లీ మూసుకుపోకుండా ఉంచే చిన్న వల గొట్టం) కూడా పెడతారు. ఎస్‌ఓఎస్ అంటే 'అవసరమైతే' అని. ఒకటి పరీక్ష, ఇంకొకటి వైద్యం. మనం మాత్రం రెండింటినీ 'యాంజియో' అనే అంటాం.

అరగంటకు ఆకుపచ్చ డ్రెస్సులో ఒకతను బయటకొచ్చాడు. డాక్టరనుకుని చేతులు జోడించాను. (క్యాథ్ ల్యాబ్, అంటే యాంజియో చేసే గదిలో పనిచేసే టెక్నీషియనట. ఎవరు ఎవరో మెడలో కార్డు చూసి తెలుసుకుందామంటే అదీ ఇంగ్లిషే.) "బ్లాకుంది, ఇప్పుడే స్టెంటు వేసేద్దామంటున్నారు సార్, తొందరగా చెప్పండి" అన్నాడు. నాకు చెమటలు పట్టాయి. సరేనన్నాను. జనగామ నుంచి ఉప్పల్‌కు టికెట్ కొట్టి, ఉప్పల్ వచ్చాక "ఈ బస్సు బెంగళూరు పోతుంది, మిగతా డబ్బు తియ్యండి" అంటే నా బస్సులో జనం ఊరుకునేవాళ్లా?

డాక్టరుది తప్పని నేననడం లేదు. ఒకేసారి అయిపోతే రెండోసారి గొట్టం పెట్టే బాధ తప్పుతుంది. గుండెపోటుతో వచ్చినవాళ్లకైతే ఆలోచించే టైమే ఉండదు. కానీ మా ఆవిడ తన కాళ్ల మీద నడుచుకుంటూ లోపలికి వెళ్లిన మనిషి. పైగా యాంజియోకు పూర్తి మత్తు ఇవ్వరు, చెయ్యి దగ్గర మాత్రమే తిమ్మిరి సూది వేస్తారు. రెండు రోజుల తర్వాత ఇంట్లో తనే అంది: "టీవీలో నా గుండె నాకే కనబడుతోంది. డాక్టరుగారు పక్కనే ఉన్నారు. నిన్ను అడగడానికి మనిషిని పంపారు గానీ నన్నెవరూ అడగలేదు."

మా తమ్ముడి కొడుకు ప్లీడరు. సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు 2008లోనే తేల్చిందని చెప్పాడు. పరీక్షకు ఒప్పుకున్నంత మాత్రాన వైద్యానికీ ఒప్పుకున్నట్టు కాదట. ఆ కేసులో పరీక్ష కోసం మత్తిచ్చిన ఆమెకు, బయట ఉన్న తల్లి సంతకంతో గర్భసంచి తీసేశారు. తల్లి ఒప్పుకోలు చెల్లదని కోర్టు అంది. రెండింటికీ కలిపి ముందే ఒప్పుకోలు తీసుకోవచ్చు గానీ, విషయం అర్థమయ్యేలా చెప్పి రోగి దగ్గరే తీసుకోవాలన్నాడు మావాడు.

ఆరోగ్య శాఖ వారు ఆ కాగితాన్ని తెలుగులో ఇప్పించాలి. పరీక్షకు ఒక సంతకం, స్టెంటుకు ఇంకో సంతకం ఉండాలి. స్ట్రెచర్ పక్కన నిలబడి కాకుండా ముందురోజు సాయంత్రమే చేతికివ్వాలి. స్టెంటుకు ఎంతవుతుందో కూడా అందులోనే రాయాలి.

మా ఆవిడ ఏడో తరగతి దాకా చదివింది, మీ పేపరు రోజూ నాకంటే ముందే చదువుతుంది. అడిగిన 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలని డాక్టర్ల నిబంధనల్లో ఉందని మావాడు చెప్పినప్పటి నుంచి, వచ్చే నెల రివ్యూకు వెళ్లినప్పుడు నేను సంతకం పెట్టిన కాగితం జిరాక్స్ అడుగుతానంటోంది. నన్ను మాత్రం మాట్లాడొద్దంది.

- ఒక రిటైర్డ్ కండక్టర్, జనగామ