వెళ్లినవాళ్లు తిరిగి రావాలంటే: స్కాట్లాండ్ ఫస్ట్ మినిస్టర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఫస్ట్ మినిస్టర్ గారికి నమస్కారం.

నేను ఈ దేశంలో పుట్టలేదు. అయినా 2014 సెప్టెంబరు 18న, స్కాట్లాండ్ స్వతంత్ర దేశం కావాలా వద్దా అని అడిగినప్పుడు జవాబు చెప్పే హక్కు నాకు దక్కింది. కామన్వెల్త్ దేశపు పౌరుణ్ని, ఇక్కడ చట్టబద్ధంగా నివాసం ఉంటున్నాను, అంతే చాలన్నారు. మా పక్కింటి పెద్దావిడ కొడుక్కి మాత్రం ఓటు లేదు. అతను ఇక్కడి డండీ నగరంలోనే పుట్టి పెరిగి, ఉద్యోగం కోసం టొరంటో వెళ్లినవాడు. ఆవిడ నన్ను పల్లెత్తు మాట అనలేదు. నాకే మనసులో ఆ తేడా ఉండిపోయింది.

ఈ లేఖ ఇంగ్లిష్ ప్రతిని మీ కార్యాలయానికి పంపుతున్నాను. తెలుగులో రాయడం మావాళ్ల కోసం. ఇక్కడున్న తెలుగువాళ్లలో చాలామందికి ఆనాడు ఓటుంది. ఆ ఓటు ఎవరికి లేదో కూడా మేం తెలుసుకోవాలి.

నివాసాన్ని బట్టి ఓటు ఇవ్వడం తప్పని నేను అనడం లేదు. ఫలితం ఏదైనా దానితో బతకాల్సింది ఇక్కడున్నవాళ్లే. పైగా స్కాట్లాండ్ పౌరసత్వం అంటూ విడిగా ఏదీ లేనప్పుడు బయటున్నవాళ్లలో ఎవరు స్కాట్, ఎవరు కాదు అని తేల్చే జాబితా ఎక్కడినుంచి వస్తుంది? పుట్టినవాళ్లు మాత్రమేనా, అమ్మమ్మ ఇక్కడ పుట్టినవాళ్లు కూడానా? 2013లో మీ పార్లమెంటు ఓటర్ల అర్హత చట్టం చేసినప్పుడు స్థానిక ఎన్నికల జాబితానే ప్రాతిపదికగా తీసుకుంది. అది అర్థమయ్యే నిర్ణయమే. అలాగని అదొక్కటే దారి కాదు. 1993లో ఎరిత్రియా, 1999లో తూర్పు తైమూర్, 2011లో దక్షిణ సూడాన్ తమ ఓటింగులో విదేశాల్లో ఉన్నవాళ్లను కూడా కలుపుకున్నాయి. అక్కడ యుద్ధం తరిమితే వెళ్లినవాళ్లు ఎక్కువ, ఇక్కడ జీతం కోసం వెళ్లినవాళ్లు ఎక్కువ. ఆ తేడాను నేను ఒప్పుకుంటాను.

ఒప్పుకోలేనిది వేరే ఉంది. 2013 నవంబరులో మీ ప్రభుత్వం 670 పేజీల శ్వేతపత్రం తెచ్చింది. స్వాతంత్ర్యం వస్తే, స్కాట్లాండ్‌లో పుట్టి బయట ఉంటున్న బ్రిటిష్ పౌరులందరూ మొదటి రోజు నుంచే స్కాట్లాండ్ పౌరులవుతారని అందులో ఉంది. 2014ను హోమ్‌కమింగ్ ఏడాదిగా ప్రకటించి, ప్రపంచంలో ఎక్కడున్నా ఒకసారి ఇంటికి రండని పిలిచారు. పౌరసత్వం ఇస్తామన్నారు, రమ్మన్నారు, నిర్ణయంలో మాత్రం చోటు లేదన్నారు. దాన్ని కూడా అర్థం చేసుకోవచ్చు. కానీ ఫలితం వచ్చాక వాళ్లతో ఎవరూ ఏమీ మాట్లాడలేదు. కాదన్నవాళ్లు 55.3 శాతం, అవునన్నవాళ్లు 44.7 శాతం. లెక్క తేలింది, ఆ పౌరసత్వం మాట అక్కడితో ఆగిపోయింది. బ్రిటన్‌లోని మిగతా ప్రాంతాల్లోనే ఉన్న దాదాపు 8 లక్షల మంది స్కాట్లాండ్‌లో పుట్టినవాళ్లకు, ఇంకా దూరదేశాల్లో ఉన్నవాళ్లకు, మీరు మాకు ఇంకా కావలసినవాళ్లేనని చెప్పినవాళ్లు లేరు.

అప్పటినుంచి ఇలా బయట ఉన్నవాళ్లు, ఉండి వచ్చినవాళ్లు ఎవరు కలిసినా తిరిగి రావడం గురించి అడుగుతూ వచ్చాను. నేను విన్నవి మీరు కూడా వినాలి.

మెల్బోర్న్‌లో ఉండే ఒక జంట ‘అవును’ గెలిస్తే వచ్చేద్దామనుకున్నారు. ఇన్వర్‌నెస్ దగ్గర ఇళ్ల ధరలు వాకబు చేశారు, పిల్లల బడి గురించి అడిగి తెలుసుకున్నారు. ఫలితం వచ్చాక ఆ మాట ఎత్తడమే మానేశారు. వాళ్ల ఉద్యోగాలకు గానీ ఇన్వర్‌నెస్‌కు గానీ వచ్చిన మార్పేమీ లేదు. కొత్త దేశం కట్టుకునే పనిలో మేమూ ఓ చెయ్యి వేస్తాం అన్న ఉత్సాహం పోయింది, అంతే. అది లేకుండా రావాలంటే జీతం లెక్కలే మిగిలాయి. జీతం లెక్క వేస్తే మెల్బోర్నే నెగ్గుతుంది.

లండన్‌లో పనిచేసే మరొకతను ‘కాదు’ వైపు. గెలిచినందుకు ఊపిరి పీల్చుకున్నాడు, వెంటనే సిగ్గుపడ్డాడు. గ్లాస్గోలో అతని అన్నలిద్దరూ ‘అవును’ కోసం గడప గడపకూ తిరిగినవాళ్లు. ఆ నగరంలో వాళ్ల మాటే నెగ్గింది, దేశం మొత్తం మీద ఓడింది. ఓటే లేని తమ్ముడు గెలిచినవాడిగా ఆ ఇంట్లో అడుగు పెట్టాలి. క్రిస్మస్‌కు వెళ్తాడు, రెండు రోజులుండి వచ్చేస్తాడు. రిటైరయ్యాక గ్లాస్గోలోనే స్థిరపడాలన్న పాత కోరిక గురించి అడిగితే మాట మార్చేస్తాడు.

అన్నిటికంటే నన్ను కదిలించింది మాత్రం నిజంగానే తిరిగి వచ్చేసినవాళ్ల మాట. ఆనాడు 84.6 శాతం మంది ఓటేశారు. పదహారేళ్ల పిల్లలు కూడా వరసలో నిలబడ్డారు. బస్సులో, పబ్బులో, ఆఫీసులో నెలల తరబడి అదే చర్చ. ఆ అనుభవం ఈ దేశంలో ఉన్నవాళ్లందరినీ ఒక తరంగా చేసింది, ఏ వైపు వాళ్లనైనా. తిరిగి వచ్చినవాళ్లు ఆ తరంలో లేరు. రాజకీయం మీద ఏం మాట్లాడినా, “అప్పుడు నువ్విక్కడ లేవుగా” అన్న మాట ఎదురవుతుంది. అనేవాళ్లు కసితో అనరు. ఇంట్లో ఆస్తి పంపకాలు జరిగిన రోజు పరాయి ఊళ్లో ఉండిపోయిన కొడుకు, తర్వాత ఆ ఇంట్లో ఏ విషయంలో నోరు విప్పాలన్నా ఎలా వెనకాడతాడో, వీళ్లూ అలాగే వెనకాడుతున్నారు.

ఈ బాధ నాకు పరాయిది కాదు. ఆ ఏడాదే, జూన్ 2న, నేను పుట్టిన రాష్ట్రం రెండు రాష్ట్రాలైంది. అక్కడ ఓటింగు జరగలేదు, పార్లమెంటు నిర్ణయించింది. అయినా దూరంగా ఉండి చూడటం ఎలా ఉంటుందో నాకు తెలుసు. సంబరపడ్డ స్నేహితులున్నారు, కన్నీళ్లు పెట్టుకున్న స్నేహితులున్నారు. ఎవరికి ఫోన్ చేసినా మాట తూచి మాట్లాడేవాణ్ని. నాలుగు నెలలు తిరక్కుండానే నాది కాని దేశం నన్ను ఓటు అడిగింది. ఆ గౌరవానికి కృతజ్ఞతగానే ఇది రాస్తున్నాను.

ఇక మనసు చంపుకునో, చేసుకునో తిరిగి రావాలనుకున్నవాళ్లకు ఎదురయ్యే అడ్డంకుల సంగతి. బ్రిటిష్ పాస్‌పోర్టు ఉన్నవాళ్లు రావచ్చు, కానీ వాళ్ల భార్యో భర్తో వేరే దేశస్థులైతే కథ మారిపోతుంది. కుటుంబ వీసాకు ఏడాదికి 18,600 పౌండ్లుగా ఉన్న కనీస ఆదాయ పరిమితిని 2024 ఏప్రిల్‌లో 29,000 పౌండ్లు చేశారు. విదేశంలో ఉన్న భాగస్వామి అక్కడ సంపాదించే జీతం ఆ లెక్కలోకి రాదు. ఐరోపాలో పెళ్లి చేసుకుని స్థిరపడ్డవాళ్లకు బ్రెగ్జిట్ (ఐరోపా సమాఖ్య నుంచి బ్రిటన్ బయటికి రావడం) తర్వాత కూడా 2022 మార్చి వరకు కొంత వెసులుబాటు ఉండేది, ఇప్పుడు అదీ పోయింది. స్కాట్లాండ్‌లో 62 శాతం మంది ఐరోపా సమాఖ్యలోనే ఉందామన్నారని మీరు తరచూ గుర్తు చేస్తారు. ఆ దెబ్బ తగిలిన స్కాట్‌లలో వీళ్లూ ఉన్నారు, వీళ్ల పేరు ఎత్తగా నేను వినలేదు.

వీసాలు వెస్ట్‌మిన్‌స్టర్ చేతిలో, అంటే లండన్‌లోని బ్రిటన్ ప్రభుత్వం చేతిలో ఉన్నాయని మీరంటారు. నిజమే. పిల్లల చదువు మీ చేతిలోనే ఉంది. ఇక్కడి విద్యార్థులకు విశ్వవిద్యాలయంలో ఫీజు లేదు, అది మీ ప్రభుత్వం గర్వంగా చెప్పుకునే విషయం, చెప్పుకోదగ్గదే. కానీ ఆ సాయం అందాలంటే మామూలు నియమం ప్రకారం కోర్సు మొదలవడానికి ముందు మూడేళ్లు బ్రిటన్‌లో నివాసం ఉండాలి. పదిహేడేళ్ల పిల్లతో తిరిగి వచ్చే తల్లిదండ్రులు మూడేళ్లు ఆగాలి, లేదా బయటి విద్యార్థుల ఫీజు కట్టాలి. చాలామంది పిల్లలు పెద్దయ్యాక చూద్దాంలే అనుకుంటారు. పిల్లలు పెద్దయ్యాక ఇక రారు. ఆ పిల్లలు చదివిన చోటే పాతుకుపోతారు, తల్లిదండ్రులు వాళ్ల దగ్గరే ఉండిపోతారు.

స్కాట్లాండ్‌లో కొన్నేళ్లుగా పుట్టేవాళ్ల కంటే చనిపోయేవాళ్లే ఎక్కువ. జనాభా పెరుగుతోందంటే బయటినుంచి వస్తున్న నాలాంటివాళ్ల వల్లే. మమ్మల్ని ఆదరించినందుకు సంతోషం. ద్వీపాల్లో, ఉత్తరాన ఉన్న కొండసీమ హైలాండ్స్‌లో మూతపడే స్థితిలో ఉన్న బడులకు, ఆ నేల గురించి తెలిసిన కుటుంబాలు తిరిగి వస్తే అంతకంటే కావలసిందేముంది?

ప్రవాసులతో సంబంధాల గురించి 2023లో మీ ప్రభుత్వం ఒక విధాన పత్రం తెచ్చింది. సంబంధాలు మంచివే. నేను అడుగుతున్నది ఇంటికి రావడం గురించి. స్కాట్లాండ్‌లో పుట్టినవాళ్ల పిల్లలకు, కుటుంబంతో తిరిగి వచ్చిన సందర్భంలో, ఆ మూడేళ్ల నియమాన్ని సడలించండి. కుటుంబ వీసా పరిమితి గురించి లండన్‌తో మాట్లాడేటప్పుడు తిరిగి రాలేక ఆగిపోయిన స్కాట్‌ల సంగతి కూడా రాతపూర్వకంగా పెట్టండి.

మరో ప్రజాభిప్రాయ సేకరణకు మీ పార్లమెంటు తనంతట తాను చట్టం చేయలేదని 2022 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. ఎప్పుడో ఒకప్పుడు అది మళ్లీ రావచ్చని మీరు నమ్ముతున్నారు. వస్తే, బయటున్నవాళ్లకు ఓటు ఇవ్వకపోయినా ముందుగా వాళ్ల అభిప్రాయం అడగండి, చెప్పింది అచ్చువేసి ఓటర్లందరి ముందు ఉంచండి. ఏ ఫలితం వస్తే వాళ్ల స్థితి ఏమిటో, రెండు వైపులా, ఓటుకు ముందే చెప్పండి. నాకు మళ్లీ ఓటు వస్తే, వేసే ముందు నేను ఆ పుస్తకం చదువుతాను. పక్కింటావిడకు కూడా ఒక ప్రతి ఇస్తాను.

ఇట్లు,
ఎడిన్‌బరోలో ఉంటున్న ఒక తెలుగు ఓటరు