శాలువా వార్తలతో పేజీ నిలబడదు

సంపాదకుడు గారికి, నమస్కారం.

మా ఊళ్లో పుష్య బహుళ పంచమికి, అంటే త్యాగయ్య సమాధి అయిన తిథికి, త్యాగరాజ ఆరాధన జరగడం నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ చూస్తున్నాను. మూడు రోజుల ఉత్సవం. పొద్దున్నే కీర్తనలు పాడుతూ వీధుల్లో భిక్ష స్వీకరించే ఉంఛవృత్తి, ఆ తర్వాత త్యాగయ్య ఐదు పంచరత్న కీర్తనలను అందరూ కలిసి పాడే పంచరత్న గోష్ఠి, సాయంత్రాలు కచేరీలు. పదహారేళ్లు దానికి కార్యదర్శిగా చేశాను. పోయిన వేసవి సెలవుల్లో మా అన్నయ్య మనవడు, ఇంజనీరింగ్ చదివే కుర్రాడు, ఈ ఉత్సవం మీద తెలుగు వికీపీడియాలో ఒక పేజీ రాశాడు. నాలుగు రోజులు తిరక్కుండానే పేజీ నెత్తిన నోటీసు పడింది. విషయ ప్రాముఖ్యతను చూపే మూలాలు లేవు, తొలగించాలేమో చర్చిద్దాం అని.

మా సంఘంలో పెద్ద రభస. "రెండు వారాలు ఆడని సినిమాకు పేజీ ఉంటుంది, యాభై ఏళ్లుగా నడుస్తున్న మన ఉత్సవానికి ఉండదా?" అన్నారు అధ్యక్షులు. నిజం చెప్పాలంటే నాకూ బీపీ పెరిగింది. పిల్లవాడు మాత్రం తాపీగా, "తాతయ్యా, యాభై ఏళ్లని మనం చెబితే కుదరదు. మనతో సంబంధం లేనివాళ్లు దీని గురించి కాస్త వివరంగా రాసినవి కావాలి. నెట్‌లో లేకపోయినా పర్లేదు, పేపర్ పేరు, తేదీ, పేజీ నెంబరు ఉంటే చాలు" అన్నాడు. అంతేనా, నా దగ్గర పెద్ద ఫైలే ఉంది అని అటక మీద నుంచి దించాను.

ఆ మధ్యాహ్నం ఆ ఫైలు ముందు కూర్చున్నాక నా అభిప్రాయం మారిపోయింది. అది చెప్పడానికే ఈ ఉత్తరం.

మొదటి సంగతి, కటింగులకు తేదీల్లేవు. మైదా ఉడికించిన జిగురుతో తెల్లకాగితాలకు శ్రద్ధగా అంటించాం, కానీ వార్త మట్టుకే కత్తిరించి తేదీ ఉన్న పైఅంచును చెత్తలో పారేశాం. అది పూర్తిగా మా తప్పు. రెండో సంగతి ఇంకా ఇబ్బందికరమైనది. ఏ కటింగ్ తీసినా ఒకటే వార్త. 'వైభవంగా ఆరాధనోత్సవాలు' అని శీర్షిక. ఫలానా ఎమ్మెల్యే జ్యోతి ప్రజ్వలన చేశారు, ఫలానా వారిని దుశ్శాలువాతో సత్కరించారు, కచేరీ ఆద్యంతం శ్రోతలను అలరించింది, కార్యక్రమంలో ఫలానా ఫలానా వారు పాల్గొన్నారు. ఏం పాడారు? ఏ రాగం ఆలాపన చేశారు? ఒక్కదాంట్లోనూ లేదు. ఒకచోట వయొలిన్ ఆయన పేరు మృదంగానికి, మృదంగం ఆయన పేరు వయొలిన్‌కి పడింది.

ఒక వాక్యం ఏడేడు కటింగుల్లో అక్షరం పొల్లు పోకుండా ఉంది: 'మంగళవాద్యాలతో ఉత్సవాలు ప్రారంభమయ్యాయి'. ఆ మంగళవాద్యం వాయించే నాదస్వర విద్వాంసుడు చలికి చెవులకు మఫ్లర్ చుట్టుకుని, తెల్లవారుజామునే వచ్చి, గుడి మెట్ల దగ్గర నాదస్వరం ఊదే పీకలు ఒక్కొక్కటే నోట్లో పెట్టి తడిపి చూసుకునేవాడు. ఆయన పేరు ఒక్క ఏడాదీ పేపర్లో రాలేదు. నాదస్వర విద్వాంసులు షేక్ చిన మౌలానా గారిది మా ప్రకాశం జిల్లాలోని కరవది ఊరే. శ్రీరంగంలో స్థిరపడి, 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ నుంచి సంగీత కళానిధి బిరుదు అందుకున్నారు. అలాంటి జిల్లాలో నాదస్వరం వార్తకు మొదటి వాక్యం మాత్రమే అవుతుంది.

మీ విలేకరులను తప్పుపడుతున్నానని అనుకోకండి. ఆ వాక్యాలన్నీ నేను రాసినవే. ఉత్సవం ముందు రోజే ప్రెస్ నోట్ తయారుచేసి, ఫొటోతో సహా అన్ని పత్రికల విలేకరులకూ నేనే ఇచ్చేవాణ్ణి. 'ఆద్యంతం అలరించింది' అన్న మాట కచేరీ మొదలుకాకముందే రాసేవాణ్ణి! నాదస్వరం ఆయన పేరు రాయాలని తోచని మనిషినీ నేనే. ఇప్పుడు వికీపీడియా వాళ్లు స్వతంత్ర మూలం ఏదయ్యా అంటే, నా మాటలే నాలుగు పత్రికల నుంచి తెచ్చి నాలుగు మూలాలని చూపించాలా?

ఎన్నేళ్లుగా జరుగుతోంది, ఎంత పెద్ద విద్వాంసులు వచ్చారు అన్నవాటిని బట్టి పేజీ రాదు, బయటివాళ్లు రాసినదాన్ని బట్టి వస్తుంది. ఎనిమిదేళ్ల మంగళంపల్లి బాలమురళీకృష్ణ మొదటి పూర్తి కచేరీ విజయవాడలో త్యాగరాజ ఆరాధనలోనే చేశారు. అప్పటికి అదీ ఒక ఊరి ఉత్సవమే. ఆ కచేరీ గురించి, ఆయన గురువు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారి గురించి చూసినవాళ్లు చెప్పారు, తర్వాతివాళ్లు రాశారు. తమిళనాడులోని తిరువయ్యారులో 1920లలో గాయని బెంగళూరు నాగరత్నమ్మ తన సొమ్ము పెట్టి త్యాగయ్య సమాధికి గుడి కట్టించడం, ఆడవాళ్లను పాడనివ్వకపోతే ఆమె నిలదీయడం గురించి ఇప్పటికీ రాస్తున్నారు. మా ఊళ్లోనూ 'మైకు ఆడవాళ్ల వైపు పెట్టాలా, మగవాళ్ల వైపు పెట్టాలా' అని ఒక ఏడాది గోష్ఠి అరగంట ఆగింది. అది ఎవరూ రాయలేదు. నేనైతే అసలే రాయనివ్వలేదు.

చర్చ చివరికి పేజీ తీసేశారు. మా ఊరి వ్యాసంలో ఉత్సవం గురించి ఒక పేరా పెట్టమన్నారు. తేదీ దొరికిన రెండు కటింగులతో పిల్లవాడు ఆ పేరా పెట్టాడు. అధ్యక్షుల వారికి ఇంకా కోపంగానే ఉంది. నా మటుకు నాకు అది న్యాయంగానే తోచింది. తలా ఒకరు తమ కరపత్రం తెచ్చి అతికిస్తే అది విజ్ఞాన సర్వస్వం ఎందుకవుతుంది, గోడ అవుతుంది గానీ.

ఇక మీతో పని. ఆంధ్రపత్రిక, కృష్ణాపత్రికల నాటి పాత సంచికలను ప్రెస్ అకాడమీ స్కాన్ చేయించింది. దానివల్ల మా తాతల కాలపు కచేరీ గురించి వెతకాలంటే ఒక చోటంటూ ఉంది. పదిహేనేళ్ల కిందటి జిల్లా పేజీ కోసం ఎక్కడికి వెళ్లాలి? జోన్ పేజీ అయితే పక్క నియోజకవర్గం వాళ్లకే కనపడదు. పాత జిల్లా పేజీలను జనం వెతుక్కునే వీలు కల్పించండి. ఆరాధనల సీజన్‌లో జిల్లాకు ఒక్క ఉత్సవానికైనా పాట వినడం వచ్చిన మనిషిని పంపండి. బాగాలేకపోతే బాగాలేదనే రాయమనండి. మైకు కీచుమందనో, పంచరత్నాల్లో గౌళ రాగ కీర్తన దగ్గర గోష్ఠి చెల్లాచెదురైందనో రాస్తే మాకు రోషం వస్తుంది, కానీ ఫైల్లో దాచుకోదగ్గ కాగితం అదే అవుతుంది.

ఈసారి మా వాళ్లు ప్రెస్ నోట్ పంపరు. పాడబోయే కీర్తనల జాబితా, నాదస్వరం, డోలు వాయించేవారితో సహా కళాకారులందరి పేర్లు ఒక కాగితం మీద ఉంటాయి, అంతే. మీ మనిషికి ముందు వరసలో కుర్చీ వేయిస్తాం. కాఫీ ఇస్తాం. శాలువా మాత్రం కప్పం.

ఇట్లు,
ఆరాధనోత్సవ సంఘం పూర్వ కార్యదర్శి,
ప్రకాశం జిల్లా